రోస్విత టీచరు ఉక్తలేఖనం

ఆ పేరు మొదటిసారి ఏజెన్సీ ఫోన్‌కి పంపిన వివరాల్లో చూసినప్పుడు మనవాళ్ళ పిల్లే అనుకుంది మృదుల. హర్షిత, రిషిత, రోస్విత. పక్కన ఇంటిపేరు బ్రెన్నర్ అనీ, వయసు ఎనభై రెండు అనీ, చూపు బాగా తగ్గిందనీ రాసి ఉంది. "ఎవరో తెలుగావిడ తెల్లాయన్ని చేసుకుని ఇక్కడే పెద్దదైపోయినట్టుంది" అని భర్త కిరీటితో అంది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించి, టిఫిన్ పెట్టి, మందులిచ్చి వచ్చే ఉద్యోగం ఆమెది. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆ పనిలో చేరి అప్పటికి రెండేళ్ళయింది, తెలుగు ముక్క వినపడిన ఇల్లు ఒక్కటీ తగల్లేదు. ఆ సోమవారం ఫెర్రీలో హార్బరు దాటి డార్ట్‌మత్ వైపు వెళ్తూ, తలుపు తీయగానే "బావున్నారా అండీ" అనాలని కూడా అనుకుంది.

తట్టగానే లోపలి నుంచి ఇంగ్లీషులో ఒక గొంతు పలికింది.

"మూడు నిమిషాలు లేటు."

"ఫెర్రీ లేటండీ."

"నా క్లాసు పిల్లలూ నేరం ఫెర్రీ మీదకే తోసేవాళ్ళు. పాపం, దానికి నోరు లేదుగా. తలుపు తీసే ఉంది, రా."

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉందావిడ. పొడుగాటి మనిషి, పల్చటి తెల్లజుట్టు, మెడ దాకా గుండీలు పెట్టిన బూడిదరంగు స్వెట్టరు. తెలుగావిడ కాదు. మృదుల మొహంలో నిరాశ ఆవిడ కళ్ళకి కనపడే వీల్లేదు కాని, గొంతులో దొరికిపోయినట్టుంది.

"ఎవర్ననుకుని వచ్చావు?"

మృదుల ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ పకపకా నవ్వింది. "నలభై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో నన్ను రోజ్ అంటారు, రోజ్‌మేరీ అంటారు. పేరంతా తిన్నగా పలికింది నువ్వొక్కదానివే. పైగా చుట్టాన్ననుకున్నావు. ఇంకేం కావాలి?"

కంట్లో చుక్కలు వేయించుకుంటూ అడిగింది, ఇక్కడికి రాకముందు ఏం చేసేదానివని. తునిలో రెండో తరగతి పిల్లలకి తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పానంది మృదుల.

"ఏం పాఠాలు?"

"అక్షరాలు. గుణింతాలు. ఉక్తలేఖనం."

"అదేమిటి?"

"నేను చదువుతాను, పిల్లలు విని రాస్తారు. డిక్టేషన్."

"అయితే నాకన్నా పెద్ద టీచరువి నువ్వే. నేను అక్షరాలు వచ్చినవాళ్ళకి తప్పులు దిద్దాను, అంతే."

అంతవరకు మిసెస్ బ్రెన్నర్ అంటున్న మృదుల ఆ రోజు వెళ్ళేటప్పుడు "వస్తాను టీచరు గారూ" అంది. గారు అంటే ఏమిటని ఆవిడ అడగలేదు. తన ఊళ్ళో పిల్లలు పిలిచే పిలుపు చివర కూడా అలాంటి తోక ఒకటి ఉండేదని తర్వాతెప్పుడో చెప్పింది.

*

రోస్విత కథ మృదులకి ఒక్కసారిగా తెలియలేదు. సోమ, బుధ, శుక్రవారాలు గంటేసి చొప్పున, స్నానానికీ టిఫిన్‌కీ మధ్య ముక్కలుముక్కలుగా వచ్చింది.

పుట్టింది రుమేనియాలో, ట్రాన్సిల్వేనియా కొండల మధ్య ఒక జర్మన్ ఊళ్ళో. జర్మన్లు రుమేనియాలో ఏం చేస్తున్నారని మృదుల అడిగితే, ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నామంది. మదురై చుట్టుపక్కల తరాల తరబడి ఉండిపోయిన తెలుగువాళ్ళని తల్చుకుంటే మృదులకి సంగతి బోధపడింది. ఇంట్లో జర్మన్, బజార్లో రుమేనియన్. రోస్విత ఆ ఊరి జర్మన్ బళ్ళోనే టీచరయింది. రాత్రుళ్ళు కథలు రాసేది. ముప్పై మూడో ఏట రాసిన ఒక కథ పత్రిక ఆఫీసు నుంచి తిన్నగా పోలీసుల బల్ల మీదకి వెళ్ళింది. ఆ కథలో ఉన్నది అప్పట్లో అక్కడ ఎవరూ పైకి అనకూడని విషయం. యుద్ధం చివర్లో, 1945 జనవరిలో, వాళ్ళ ఊళ్ళో వయసులో ఉన్న ఆడవాళ్ళని, జర్మన్లన్న నేరానికి, గొడ్లని తరలించే రైళ్ళెక్కించి రష్యన్ల బొగ్గు గనులకి పంపేశారు. అందులో రోస్విత తల్లి ఉంది. రోస్వితకి అప్పుడు మూడున్నరేళ్ళు.

పోలీసులు కొట్టలేదు, తిట్టలేదు. బల్ల మీద టేప్ రికార్డరు పెట్టి, కథ మొదటి నుంచి చివరిదాకా చదవమన్నారు. చదివింది. కాగితాలూ, టేపూ వాళ్ళే ఉంచుకున్నారు. ఉద్యోగం పోయింది. నాలుగేళ్ళ తర్వాత దేశం విడిచి వెళ్ళడానికి కాగితాలొచ్చాయి.

"ముందు జర్మనీ వెళ్ళాం. అక్కడ పచారీ కొట్టువాడు, రుమేనియా దానివైనా జర్మన్ బాగానే మాట్లాడుతున్నావే అన్నాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాచిపెట్టుకున్న భాష. వాడు నాకు మార్కులు వేశాడు!"

భర్త ఒట్టో వెల్డరు. హాలిఫాక్స్ ఓడల రేవులో పని దొరికితే ఇద్దరూ ఇటు వచ్చేశారు. ఆవిడ టీచరు సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లలేదు. కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మూడేళ్ళూ ఒక స్కూలు క్యాంటీన్లో ప్లేట్లు కడిగింది. తర్వాత అదే స్కూల్లో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పింది. ఆ మాట విన్నప్పుడు మృదుల చేతిలోని తువ్వాలు ఒక్కక్షణం ఆగింది. తన బీయెడ్ సర్టిఫికెట్టు ఇంట్లో ఫైల్లో ఉంది. అదిక్కడ చెల్లాలంటే మళ్ళీ చదవాలన్నారు. ఆవిడ చూపులేని కళ్ళతో ఆ ఆగడం కూడా చూసేసినట్టు, "అప్లై చెయ్యి. ప్లేట్లు కడిగిన చేతులకి సుద్దముక్క బరువుండదు" అంది.

లెక్కలు చెప్పిన ఆ ఇరవై రెండేళ్ళూ రాత్రుళ్ళు జర్మన్లోనే రాసింది. కెనడా జర్మన్లు నడిపే చిన్న పత్రికలో అచ్చయ్యేవి. రెండు పల్చటి పుస్తకాలు కూడా వచ్చాయి. అల్మరాలో పదకొండు కాపీలున్నాయి. పత్రిక నడిపే ఆయన పోయాడు, పత్రికా పోయింది. ఒట్టో పోయాడు. తర్వాత చూపు పోవడం మొదలైంది. పోలీసులు ఉంచుకున్న ఆ ఒక్క కథనీ మళ్ళీ రాయాలని పెన్ను పట్టుకుంటే, గీత మీద గీత ఎక్కి, తన రాత తనే చదువుకోలేకపోయింది.

"ఫోన్లో మాట్లాడి రికార్డు చేసుకోవచ్చుగా టీచరు గారూ?" అంది మృదుల ఒకసారి.

"ఆ కథ ఒకసారి మెషీన్‌కి చెప్పాను. అది నాకు తిరిగివ్వలేదు."

మృదుల ఇక ఆ మాట ఎత్తలేదు.

యూనివర్సిటీ నుంచి ఒక జర్మన్ కుర్రవాడు రాసిపెడతానని రెండుసార్లు వచ్చాడట. వాక్యానికోసారి ఆగి, ఈ మాట ఇప్పుడెవరూ వాడటం లేదనేవాడు. ఆవిడ 'ర' పలికినప్పుడల్లా నవ్వాపుకునేవాడు. జర్మనీలో 'ర' గొంతులో నలిగిపోతుంది. రోస్విత ఊళ్ళో నాలుక కొసన ఆడుతుంది. మూడోసారి అతన్ని రావద్దంది.

*

నవంబరులో ఒక బుధవారం. మృదుల పొయ్యి మీద గంజి కలుపుతోంది. రోస్విత ఉన్నట్టుండి కుర్చీలో నిటారుగా కూర్చుని, జర్మన్లో ఏదో ఒక్క వాక్యం అని, "దొరికింది! కథ మొదటి వాక్యం. మర్చిపోకుండా పట్టుకో" అంది.

"నాకు జర్మన్ రాదు కదండీ."

"అర్థం ఎవరడిగారు? పట్టుకో అన్నాను."

మృదుల ఒక చేత్తో గంజి కలుపుతూ, రెండో చేత్తో సరుకుల చీటీ వెనక, విన్నది విన్నట్టు తెలుగులో రాసింది: *అమ్ నాఃమిత్తాక్ గింగ్ దెర్ తైక్ ఔఫ్.* మధ్యలో గొంతులోంచి గాలి వెళ్ళిన చోట ఏ అక్షరం వేయాలో ఒక్కక్షణం తోచలేదు. విసర్గ పెట్టింది. దుఃఖంలో తప్ప ఎక్కడా పనిలేక కూర్చున్న ఆ రెండు చుక్కలకీ పని దొరికింది.

శుక్రవారం వెళ్ళేసరికి రోస్విత కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. టిఫిన్ ముట్టుకోలేదు.

"పోయింది. నిన్న సాయంత్రం దాకా ఉంది. పిండి, మధ్యాహ్నం... వరస పోయింది."

మృదుల హ్యాండ్‌బ్యాగులోంచి చీటీ తీసి, రెండో తరగతికి చదివినట్టు గట్టిగా, తీరుబాటుగా చదివింది.

రోస్విత కిటికీ నుంచి ఇటు తిరిగింది. "మళ్ళీ" అంది.

మృదుల మళ్ళీ చదివింది.

"ఆ 'ర' ఎక్కడిది నీకు?"

"ఏ ర అండీ?"

"దెర్. దెర్ర్! నువ్వన్నట్టు మా అమ్మమ్మ అనేది." ఆవిడ చెయ్యి చాచింది. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇయ్యి." ముక్కుకి ఆనించుకుని చూసింది. "మబ్బుమబ్బుగా ఉన్నాయి. ఇవి అక్షరాలా, మురుకులా?"

"అక్షరాలే. ఏం వింటే అది రాయొచ్చు మా వాటితో."

"దీని అర్థం తెలుసా నీకు? మధ్యాహ్నానికి పిండి పొంగింది. ఆ పొద్దున అమ్మ రొట్టెకి పిండి కలిపి మూతపెట్టింది. అంతలో వాళ్ళొచ్చారు. ఆవిడ పిసికిన పిండి ఆవిడ వెళ్ళిపోయాక పొంగింది. అమ్మమ్మ ఏం చేస్తుంది, కాల్చి మాకు పెట్టింది."

మృదుల చీటీ అందుకుని మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఈ చలిదేశంలో ఇడ్లీపిండి పొంగక, లైటు వేసిన అవెన్‌లో పెట్టి రాత్రంతా కాపలా కాసే మనిషి ఆమె. పొంగిన పిండిని పారెయ్యడం ఎవరివల్లా కాదు.

"శనివారం నీకు సెలవేగా?" అంది రోస్విత.

*

ఏజెన్సీ రూలు ప్రకారం పనిగంటల్లో సొంత పనులు చేసిపెట్టకూడదు. శనివారం నాడు చుట్టపుచూపుగా వెళ్తే ఎవరూ ఏమీ అనరు. మృదుల రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు కొంది. డబ్బాలో పులిహోరో, ఫ్లాస్కులో చారో పట్టుకెళ్ళేది. చారు రుచి చూసి రోస్విత, "ఇది వంట కాదు, వైద్యం" అంది.

ఆవిడ వాక్యం చెప్పేది. మృదుల రాసి తిరిగి చదివేది. ఆవిడ వింటూ కొట్టేయమనేది, కలపమనేది, ఒక్క మాట దగ్గర ఇరవై నిమిషాలు కూర్చునేది. కుదిరాక "వైతెర్" అనేది. తర్వాత, కానియ్యి, అని దాని అర్థం. ఒక్కో శనివారం మూడు వాక్యాలు నడిచేవి. ఒక్కోసారి ఉన్నవి రెండు పోయేవి.

తెలుగులో లేని చప్పుళ్ళు కొన్ని అడ్డం పడ్డాయి. పెదాలు 'ఉ' అన్నట్టు గుండ్రంగా చుట్టి లోపల 'ఇ' అనే చప్పుడొకటి ఉంది. మృదుల పాతిక సార్లు అంటే రోస్విత పాతిక సార్లూ కాదంది. జర్మన్లో దానికి అక్షరం పైన రెండు చుక్కలు పెడతారంది. చివరికి అలాంటి చోట మృదుల య-ఒత్తు పెట్టుకుంది. అమ్మ అంటే *ముత్తెర్*. అమ్మలు అంటే *మ్యుత్తెర్*. ఒక్కతా, చాలామందా అనడానికి తేడా అంతే, ఆ ఒక్క ఒత్తు.

"ముత్తెర్ అంటే మా ముత్తైదువలా ఉంది" అంది మృదుల.

"అంటే ఎవరు?"

భర్త బతికున్న ఆడది అని చెప్పాక రోస్విత కాస్త ఆలోచించింది. "అయితే మావాళ్ళకి అది కుదరదు, మొగుళ్ళు యుద్ధానికి పోయారు. వైతెర్."

ఇంట్లో కిరీటికి ఇదంతా వింతగా ఉండేది. "యాప్ ఉంది కదా మృదులా. నువ్వు చదువు, అదే జర్మన్ల టైప్ చేస్తది." అతనిది వరంగల్. హాలిఫాక్స్‌లో ఎంత మెత్తబడ్డా మాట చివర ఊరు కనపడుతుంది. మృదుల మొదటి వాక్యం చదివింది. యాప్ కాసేపు తిరిగి తిరిగి, ఇంగ్లీషులో అర్థం కూడా ఇచ్చింది: మధ్యాహ్నం రోజు పైకి వెళ్ళింది.

"దగ్గర దగ్గర వచ్చింది కదా" అన్నాడు కిరీటి.

"పిండి ఏదీ?"

"పిండి... అప్‌డేట్‌ల వస్తదేమో."

పన్నెండేళ్ళ రిషిత తల్లి భుజం మీంచి నోటుబుక్కులోకి తొంగిచూసింది. "అమ్మా, దిస్ ఈజ్ సో వియర్డ్. జర్మన్స్ కాంట్ రీడ్ దిస్. నువ్వు చదివితే యూ డోంట్ అండర్‌స్టాండ్. షీ అండర్‌స్టాండ్స్, బట్ షీ కాంట్ సీ. సో హూ ఈజ్ ఇట్ ఫర్?"

పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ కథకి ఇప్పుడు ఒక ఆవిడ చెవులూ, ఇంకొక ఆవిడ నోరూ మాత్రమే ఉన్నాయి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ నోటుబుక్కు మురుకుల బొమ్మలే.

"జర్మన్ స్పెల్లింగు నేర్చుకుని రాయొచ్చుగా మరి?" అంది రిషిత.

"నేను నేర్చుకునేలోపల ఆవిడ మర్చిపోతారే."

*

ఫిబ్రవరిలో, మంచు తెగ కురుస్తున్న శనివారం, మృదుల ఆ తప్పు చేసింది.

కథ మొదటి పేజీ చదివి వినిపిస్తోంది. రెండో వాక్యం: అమ్మ పొద్దున్నే వెళ్ళిపోయింది. పైవరసలో ఒక మాటకి పెట్టిన య-ఒత్తు తోక కిందికి జారి, ఈ వరసలోని *ముత్తెర్* మీద పడింది. మృదుల కళ్ళు దాన్ని ఇక్కడి ఒత్తే అనుకున్నాయి. *మ్యుత్తెర్* అని చదివేసింది. అమ్మలు పొద్దున్నే వెళ్ళిపోయింది.

"ఏమన్నావు?"

మృదుల పేజీ చూసుకుంది. "అయ్యో, తప్పు చదివానండీ. పై లైన్లో ఒత్తు కిందకొచ్చి..."

రోస్విత చెయ్యెత్తి ఆపింది. బయట మంచు తీసే బండి బరబరా ఈడ్చుకుంటూ వెళ్ళింది.

"నాకు సున్‌హిల్డ్ అని ఒకతె ఉండేది" అంది చివరికి. "మా పక్కింటి పిల్ల. నా ఈడే. మా అమ్మనీ వాళ్ళమ్మనీ ఒకే రోజు, ఒకే రైలెక్కించారు. మా అమ్మ అయిదేళ్ళకి తిరిగొచ్చింది. నాకు ఎనిమిదేళ్ళు. గుమ్మంలో ఎవరో నిలబడితే, ఎవరండీ మీరు, ఎవరు కావాలి, అని అడిగాను. అమ్మని అలా మీరు మీరు అనడం మానడానికి ఏడాది పట్టింది. సున్‌హిల్డ్‌కి ఆ బాధ లేదు. వాళ్ళమ్మ రాలేదు."

మృదుల పెన్ను మూత పెట్టింది.

"ఆ కథ రాసినప్పుడు ముందు సున్‌హిల్డ్‌కే చూపించాను. చదివి బల్ల మీద పెట్టి, 'నీకేం, రాసుకుంటావు. మీ అమ్మ వచ్చిందిగా' అంది. అంతే. నేనూ ఏదో అన్నాను. ఇప్పుడది జర్మనీలో ఉంది. యాభై ఏళ్ళుగా క్రిస్మస్‌కి కార్డు వేస్తుంది, నేనూ వేస్తాను. వాన పడింది, మోకాళ్ళు నొప్పి, అంతే రాసుకుంటాం."

స్వెట్టరు గుండీ తడుముకుంది.

"అది అన్నది నిజమే. కథంతా ఒక్క అమ్మే ఉంది. నా అమ్మ. రైల్లో ఇంకెవరూ లేనట్టు." ఆవిడ నోటుబుక్కు వైపు వేలు చూపించింది. "ఆ ఒత్తు ఉంచెయ్యి."

"తప్పు కదండీ?"

"టీచర్ని, తప్పు నాకు తెలియదా? ఉంచమన్నాను. కింద వార్ అని రాశావు కదా, దాన్ని వారెన్ చెయ్యి. అమ్మలు అన్నాక వెళ్ళిపోయింది అంటే ఊరుకోరు."

"వెళ్ళిపోయారు."

"అదీ. మొదటి నుంచీ చదువు. ఎక్కడెక్కడ ఒత్తు పడాలో చూద్దాం."

అన్నిచోట్లా పడలేదు. పిండి కలిపింది ఒక్క అమ్మే. స్టేషనుకి నడిచింది అందరూ. ఏ చోట ఒక్కతో, ఏ చోట అందరో తేల్చడానికి మార్చి మధ్య దాకా పట్టింది. మృదుల రెండో తరగతి టీచరులా ఎర్ర పెన్నుతో ఒత్తులు పెట్టుకుంటూ వచ్చింది. చివరి పేజీ ఇంకా మిగిలి ఉండగా ఆ ఫోను వచ్చింది.

*

వృద్ధుల నర్సింగ్ హోములో బెడ్ ఖాళీ అయిందనీ, అది లూనెన్‌బర్గ్‌లో ఉందనీ, రేపటిలోగా ఏదో ఒకటి చెప్పాలనీ ఆ ఫోను సారాంశం. కాదంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పటికి రోస్విత బాత్‌రూములో రెండుసార్లు పడింది. పడ్డ సంగతి తెలిసినది మృదులే, రిపోర్టులో రాసినదీ మృదులే.

"నువ్వే రాశావా?" అంది రోస్విత.

"రాయకపోతే ఎలాగండీ?"

"రాయాల్సిందే. నేనైనా రాసేదాన్ని." కుర్చీలో వెనక్కి వాలి, "అయినా కోపంగా ఉంది. శుక్రవారానికి తగ్గుతుందిలే" అంది.

లూనెన్‌బర్గ్ హాలిఫాక్స్‌కి వంద కిలోమీటర్లు. రెండొందల డెబ్భై ఏళ్ళ కిందట జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊరు. పోస్టుడబ్బాల మీద ఇప్పటికీ జర్మన్ ఇంటిపేర్లే. జర్మన్ ముక్క వచ్చినవాళ్ళు మాత్రం హోములో ఒక్కరూ లేరు. "అందరి పేర్లూ మా చుట్టాల పేర్లే, పలకరిస్తే ఎవరూ పలకరు" అంది రోస్విత. "నువ్వు మొదటి రోజు నా ఇంటికి వచ్చినట్టుంది నాకిక్కడ."

మృదులకి సోమ, బుధ, శుక్రవారాల్లో వేరే ఇళ్ళిచ్చారు. శనివారం మాత్రం కిరీటి కారు తీసుకుని ఆమే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేది. హోములో రోస్విత త్వరగా అలిసిపోతోంది. ఒక్కోసారి వాక్యం జర్మన్లో ఎత్తుకుని రుమేనియన్లో దించేది. మృదులకి రెండు భాషలూ రావు కాని, మాటల నడక మారడం చెవికి తెలిసేది. "టీచరు గారూ, దారి తప్పారు" అనేది. ఆవిడ వెనక్కి వచ్చేది. అలా వెనక్కి రావడం వారంవారం ఆలస్యమవుతోందని కూడా మృదుల గమనించింది. తిరుగుదారి పొడుగునా ఒకటే దిగులు. ఆ చివరి పేజీ ఏ వారంలో దారి తప్పి రాకుండా పోతుందోనని.

మే నెల రెండో శనివారం చివరి వాక్యం వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ తల్లిని, మీరు, అని అడిగే వాక్యం అది. మృదుల రాసి, చదివి వినిపించింది. రోస్విత ఈసారి వైతెర్ అనలేదు. తలూపింది.

మృదుల నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఇది ఎవరికోసమని కూతురు అడిగిన మాట ఇన్ని నెలలకి నోటికొచ్చింది.

"టీచరు గారూ. ఇది మీరూ నేనూ తప్ప ఇంకెవరూ..."

"తెలుసు." రోస్విత పక్క సొరుగు తడిమి సున్‌హిల్డ్ వేసిన క్రిస్మస్ కార్డు తీసింది. "నంబరు వెనకాల ఉంటుంది. ప్రతి ఏడాదీ రాస్తుంది, చేస్తాననుకుని. ఇప్పుడు అక్కడ ఎంతవుతుంది?"

"ఇక్కడ పది. అక్కడ మధ్యాహ్నం మూడు."

"మంచి వేళే. చెయ్యి."

ఫోను స్పీకరులో పెట్టి మంచం మీద ఉంచింది మృదుల. అవతల ఒక ముసలి గొంతు పలికింది. ఇద్దరూ కొంతసేపు జర్మన్లో మాట్లాడుకున్నారు. మొదట ఎడంగా, పొడిపొడిగా. మధ్యలో 'క్నీ' అన్నమాట రెండుసార్లు వినిపించింది. మోకాలని మృదులకి తెలుసు. తర్వాత రోస్విత ఒక్కతే మాట్లాడింది.

"ఇప్పుడు చదువు" అంది రోస్విత. "మొదటి వాక్యం ఒక్కటే."

*అమ్ నాఃమిత్తాక్ గింగ్ దెర్ తైక్ ఔఫ్.*

అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. రోస్వితకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గొచ్చింది. మృదుల మంచినీళ్ళు అందించింది.

"ఏమన్నారండీ?"

"నువ్వెవరి అమ్మాయివని అడుగుతోంది. మా వీధిలో ఏ ఇంటి పిల్లవట. జర్మనీ వెళ్ళాక ఇంత చక్కటి 'ర' వినలేదట."

"ఏం చెప్పమంటారు?"

"తుని అని చెప్పు. కొండ అవతల ఊరనుకుంటుంది."

"తుని" అంది మృదుల ఫోనులోకి.

"ఆఃసో" అంది అవతలి గొంతు, ఆ ఊరు తెలిసినట్టే.

కుర్చీ లాగిన చప్పుడు, సొరుగు తీసిన చప్పుడు వినిపించాయి. కాగితాలు సర్దుకుంటోంది. సున్‌హిల్డ్ రాసుకుంటానందనీ, ఒక ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తా అనీ, చేతిరాత ముత్యాలనీ రోస్విత చెప్పింది. "నెమ్మదిగా చదువు. నీ రెండో తరగతి అనుకో."

అలా అనుకోవడం మృదులకి కష్టం కాలేదు. వెన్ను నిటారుగా పెట్టి, ఒక్కో వాక్యం రెండేసిసార్లు, మాటమాటకీ మధ్య పిల్లలు రాసుకునేంత ఎడం ఇస్తూ చదివింది. వాక్యం చివర "పుంక్త్" అంది. ఫుల్‌స్టాప్. మొదటి వాక్యం అయింది. అవతల పెన్ను గీరుకుంటున్న చప్పుడు సన్నగా వినపడి ఆగింది.

రెండో వాక్యం. *దీ మ్యుత్తెర్...*

"హాల్ట్" అంది సున్‌హిల్డ్. ఆగమని. తర్వాత అడిగింది. "ముత్తెర్? ఓదెర్ మ్యుత్తెర్?"

ఆ ప్రశ్న ఎవరూ తెలుగు చేయక్కర్లేదు. మృదుల తలెత్తి రోస్విత వైపు చూసింది. ఆవిడ కళ్ళు మూసుకుని, రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని ఉంది. నోరు తెరవలేదు. వింటోందని మాత్రం తెలుస్తోంది.

మృదుల పేజీ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎర్ర సిరాతో దిద్దిన ఒత్తు స్పష్టంగా ఉంది.

"మ్యుత్తెర్" అంది. సరిపోదేమోనని పెదాలు గుండ్రంగా చుట్టి, రోస్విత పాతిక సార్లు కాదన్న ఆ చప్పుడుని మళ్ళీ పలికింది. "మ్యుత్తెర్."

అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పెన్నుదీ లేదు. లైను పోయిందేమోనని మృదుల ఫోను వంక చూసింది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

తర్వాత పెన్ను గీరుకోవడం వినిపించింది. దాని వెనకే టక్కు టక్కుమంది, అక్షరం పైన రెండు చుక్కలు పెట్టినట్టు.

"వైతెర్" అంది సున్‌హిల్డ్.

మృదుల ఆ వాక్యం మిగతాది చదివింది. రెండుసార్లు.